రాజమహేంద్రవరం నుంచి నాన్న

చిన్నోడా,

మొన్న వచ్చినప్పుడు టేపు పట్టుకుని హాలు కొలిచావు. అన్నయ్య వైపు అడుగున్నర ఎక్కువుందని గోడ మీద పెన్సిలుతో గీత కూడా పెట్టావు. నువ్వెళ్ళాక మీ అమ్మ దాన్ని తడిగుడ్డతో తుడవబోతే నేనే వద్దన్నాను. ఆ గీత చూసినప్పుడల్లా నాకు రాజరాజ నరేంద్రుడు గుర్తొస్తున్నాడు.

నన్నయ గారి చేత భారతం రాయించిన రాజని నీకు చిన్నప్పుడు చెప్పాను. ఆ ఇంట్లో గొడవ మాత్రం చెప్పలేదు. తండ్రి వేంగి రాజు విమలాదిత్యుడు. తల్లి కుందవ్వ, చోళరాజు కూతురు. మరో భార్య మేళమకి పుట్టినవాడు విజయాదిత్యుడు. తండ్రి పోగానే అన్నదమ్ములకి గద్దె దగ్గర చెడింది. అన్న వెనక చోళులు, తమ్ముడి వెనక పడమటి చాళుక్యులు చేరారు. ఇంట్లో ఇద్దరికి పడకపోతే బయటివాళ్ళకి పండగే కదా. 1022 ఆగస్టు దాకా అన్నకి పట్టాభిషేకమే జరగలేదు. జరిగాక కూడా కుదురు లేదు, మధ్యలో ఒకసారి గద్దె తమ్ముడి చేతికి పోయింది.

పాండురాజుది మా వంశమేనని చెప్పుకుని మరీ భారతం వినాలని ఆశపడ్డాడా రాజు. ఎందుకో నాకిప్పుడు అర్థమవుతున్నట్టుంది.

1061లో అన్న పోయాడు. గద్దె తమ్ముడికి దక్కింది. తను కూర్చోలేదు నాన్నా, కొడుకు మీద ప్రేమకొద్దీ శక్తివర్మని కూర్చోబెట్టాడు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లాడు శత్రువుల చేతిలో పోయాడు. మనం జగన్మోహిని గుడికి వెళ్తామే, ఆ ర్యాలి పేరుతోనే ఒక రాగిశాసనం ఉంది. అందులో ఆ పిల్లాణ్ణి అభిమన్యుడితో పోల్చి చెప్పుకున్నారు. అన్ని యుద్ధాలు చేసిన మనిషి పోయిన కొడుకు మాట రేకు మీద చెక్కించాడంటే, ఆ పూట అతని గుండె ఎలా ఉండి ఉంటుందో. ఆ ముక్క చదివి పుస్తకం మూసేశాను. తర్వాత రాజరాజు కొడుకు 1070లో కులోత్తుంగుడిగా చోళ రాజ్యానికే రాజయ్యాడు. వేంగికి తన కొడుకుల్ని పంపి ఏలించాడు.

ఇంటి కాగితాలు నేనింకా రిజిస్టర్ చేయించలేదు. అడుగున్నర నీకే రాయమంటే రాస్తాను, అన్నయ్య కాదనడు. కానీ మీరిద్దరూ నా ఎదురుగా ఒకే మంచం మీద కూర్చుని చెప్పాలి. దసరాకి అన్నయ్య కారులో వస్తున్నాడు. దారిలో నిన్ను ఎక్కించుకోమని చెప్పాను. టికెట్ తియ్యకు.

నాన్న