వారంటీ రాదంటే ఆ మాటే రాసివ్వమనండి

రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రి గారికి,

నమస్కారమండీ. మాది పొదలకూరు పక్కన ఒక పల్లె, మూడెకరాల నిమ్మతోట. ఏప్రిల్‌లో నెల్లూరు పోయి ఒక షాపులో బోరుకు మోటారు కొన్నాను, ఏడాది వారంటీ అన్నారు. 26 రోజులకే కాలిపోయింది. నిమ్మకాయకు రేటు పలికేదే ఎండల్లో, సరిగ్గా అప్పుడే తోటకు నీళ్ళు లేవు.

బోరు మోటారంటే ఫ్యాను విప్పినట్టు కాదు సార్. కప్పీ వేసి, నలుగురు మనుషుల్ని పెట్టి, పైపులన్నీ ఒక్కొక్కటే లాగి, ఆ కూలీ ఇచ్చి, ఆటోలో వేసుకుని మళ్ళీ నెల్లూరు పోతే కౌంటర్లో కుర్రాడు చూసి చూడకముందే "నీళ్ళు లేకుండా ఆడించుంటావన్నా, వారంటీ రాదు" అనేశాడు. ఓనరేమో "మేం అమ్మడం వరకే, కంపెనీకి ఫోన్ చేసుకో" అన్నాడు. కంపెనీ మనిషి ఫోన్లోనే వోల్టేజీ తేడా అని తేల్చేశాడు, మోటారు మొహం కూడా చూడకుండా! సరే, అదే ముక్క కాగితం మీద రాసివ్వమన్నాను. ముగ్గురిలో ఒక్కరూ రాయలేదు. నా గోడంతా ఇదే.

చట్టం లేక కాదు. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ తప్పే, బిల్లులో గడువేమీ రాయనప్పుడు లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని 30 రోజుల్లో డబ్బు ఇవ్వకపోవడమూ తప్పే. 5 లక్షల లోపు సరుకైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసుకు ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. రైతు వినియోగదారుడు కాడని కొందరు షాపుల వాళ్ళు దబాయిస్తుంటారు, విత్తనాల కేసులో మన తెలుగు రైతుల పక్షానే సుప్రీంకోర్టు 2012లో ఆ వాదన కొట్టేసింది.

కానీ కమిషన్ ముందు నిలబడితే వాళ్ళు "అసలు ఈయన మా దగ్గరికే రాలేదు" అంటే నేనేం చూపించాలి? చేతిలో ఉన్నది ఎస్టిమేట్ చీటీ, సీలు లేని వారంటీ కార్డు. పక్కా బిల్లు అడిగితే జీఎస్టీ అదనం అన్నారు, నేనూ ఆశపడ్డాను, ఆ తప్పు నాదే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు రాసుకుని కంపెనీకి పంపుతారు, మంచిదే, అది పరిష్కారం కాకపోతే మళ్ళీ కమిషనే కదా. బయట మెకానిక్ దగ్గర విప్పిస్తే వారంటీ పోతుందట, విప్పించకపోతే తోట ఎండుతుంది. పక్క బోరాయనకు గంటల లెక్కన డబ్బులిచ్చి నీళ్ళు పెట్టుకుంటున్నాను.

అందుకని నేనడిగేది ఒకటే. వారంటీ కింద తెచ్చిన వస్తువుకు షాపులో తేదీతో రసీదు ఇవ్వాలి, కాదంటే ఎందుకు కాదో రాసి సంతకం పెట్టాలి, ఈ మేరకు మీ శాఖ ఆదేశం ఇవ్వండి. ఇలాంటి ఫిర్యాదులు చాలామందివి కలిసినప్పుడు విచారించే అధికారం చట్టమే కలెక్టర్లకు ఇచ్చింది, ఆ పనీ మొదలుపెట్టించండి. డిసెంబర్ 24న వినియోగదారుల దినోత్సవానికి ఫ్లెక్సీలు కట్టకపోయినా మాకేం నష్టం లేదు.

ఆ ఆదేశం వచ్చిన రోజు ఆ కాగితం కోసం నేనే మళ్ళీ షాపుకు పోతాను. మోటారు విప్పకుండా గోతం కప్పి వసారాలోనే ఉంచాను.

ఇట్లు,
పొదలకూరు మండలం నిమ్మ రైతు