షుగరున్న కంటికి ముందు కావలసింది అయోడిన్, యాంటీబయాటిక్ సీసా కాదు

సంపాదకులకు నమస్కారం.

షుగరు వల్ల కంటికి జరిగే చెరుపు అనగానే అందరూ రెటీనా మాటే ఎత్తుతారు. ఎత్తాల్సిందే. అయితే రెప్ప అంచున, తెల్లగుడ్డును కప్పే పలచని పొర మీద కాపురముండే బ్యాక్టీరియా గురించి చెప్పేవాళ్లు తక్కువ. శుక్లం ఆపరేషన్‌కో, రెటీనా వాపుకు కంట్లో వేసే సూదికో సిద్ధమవుతున్న షుగరు రోగికి ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఆస్పత్రి మెట్లెక్కక ముందు ఇంట్లో, మందుల షాపులో జరిగే పొరపాట్లు కూడా ఆపరేషన్ నాటికి కంటి మీదికి వస్తాయి.

ఆరోగ్యంగా ఉన్న కంటి మీదా బ్యాక్టీరియా ఉంటుంది. ఎక్కువగా కనిపించేది స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్. మన చర్మం మీద ఉండేదే. దానికి తోడు కోరినేబ్యాక్టీరియా, క్యూటీబ్యాక్టీరియం, కొందరిలో స్టెఫిలోకాకస్ ఆరియస్ ఉంటాయి. కన్నీటిలోని లైసోజైమ్, లాక్టోఫెరిన్ అనే ప్రొటీన్లు, ఐజీఏ అనే యాంటీబాడీ వీటిని అదుపులో పెడతాయి. రెప్ప పడిన ప్రతిసారీ కన్నీరు వీటిని ముక్కు వైపు తోసేస్తుంది. అందుకే అవి అక్కడున్నా ఏ హానీ చెయ్యవు.

ఏళ్ల తరబడి షుగరు అదుపు తప్పితే ఈ కాపలా సడలుతుంది. నల్లగుడ్డులోని సన్నని నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది, దాంతో రెప్పపాటూ కన్నీరూ తగ్గుతాయి. కన్నీటిలో గ్లూకోజు పెరుగుతుంది. సూక్ష్మజీవులను మింగాల్సిన తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. నల్లగుడ్డు పైపొర గీసుకుపోతే మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది. కింది రెప్ప లోపల దూదిపుల్లతో నమూనా తీసి కల్చర్ చేసిన (ల్యాబులో క్రిములను పెంచి చూసిన) పరిశోధనలు చాలా ఉన్నాయి. షుగరు ఉన్నవాళ్లలో బ్యాక్టీరియా ఎక్కువగా పెరిగిందనీ, షుగరు వల్ల రెటీనా దెబ్బతినే రెటినోపతీ ఉంటే ఇంకా ఎక్కువనీ వాటిలో పలు పరిశోధనలు చూపాయి. తేడా కనిపించలేదన్నవీ ఉన్నాయి. కాబట్టి షుగరు వచ్చిన ప్రతి కన్నూ క్రిములమయం అని బెంబేలు పడనక్కర్లేదు. కంటిని కోసే రోజున, సూది గుచ్చే రోజున మాత్రం ఏమరుపాటు పనికిరాదు.

ఎందుకంటే ఆపరేషన్ తర్వాత కంటి లోపల చీము పట్టే ఎండాఫ్తాల్మైటిస్‌కు కారణమయ్యే క్రిమి చాలాసార్లు రోగి కంటి మీదిదే. 1991లో న్యూయార్క్ వైద్యులు ఇలా చీము పట్టిన 17 మందిని పరీక్షిస్తే, 14 మందిలో కంటి లోపలి క్రిమీ, అదే మనిషి రెప్ప మీదో తెల్లగుడ్డు పొర మీదో ముక్కులోనో ఉన్న క్రిమీ జన్యుపరంగా ఒకటేనని తేలింది. 1995లో వెలువడిన అమెరికా అధ్యయనం ఇలా చీము పట్టిన 420 మంది రోగులను చూసింది. వాళ్లలో క్రిమి నిర్ధారణ అయిన కేసుల్లో 70 శాతం ఎపిడెర్మిడిస్ కుటుంబానివే. పైన ఉన్నంతసేపూ సాధువుగా ఉన్న క్రిమి లోపలికి పోతే చూపు తీసేస్తుంది.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. పోవిడోన్ అయోడిన్ అనే క్రిమిసంహారక ద్రావణం. న్యూయార్క్‌లోనే, 1991లోనే, వెండి కలిసిన పాత చుక్కలు వాడిన ఆపరేషన్లలో 0.24 శాతం మందికి చీము పడితే, 5 శాతం అయోడిన్ వాడిన వాటిలో 0.06 శాతం మందికే పట్టింది. పద్ధతి ఇది: రెప్పలూ కనుబొమా చుట్టూ చర్మానికి 10 శాతం ద్రావణం, కంటి ఉపరితలం మీద చుక్కలుగా 5 శాతం. కంట్లో వేశాక కనీసం మూడు నిమిషాలు ఉంచి, తర్వాత శుభ్రమైన సెలైన్‌తో కడగాలి. రద్దీగా ఉన్న రోజున కోతపడేది ఈ మూడు నిమిషాలకే. వేసిన అర నిమిషానికే కడిగేస్తే సగం పని చేసినట్టు. తిమ్మిరి కోసం వాడే చిక్కటి జెల్‌ను అయోడిన్ కంటే ముందు పెట్టినా నష్టమే. జెల్ పొర అడ్డుపడి అయోడిన్ క్రిమిని తాకదు. తిమ్మిరి చుక్కలు ముందు, అయోడిన్ తర్వాత, జెల్ కావాలంటే ఆ తర్వాత. ఇంకో ప్రమాదం సీసా దగ్గర ఉంది. 'స్క్రబ్' అని రాసి ఉన్న అయోడిన్‌లో సబ్బు ఉంటుంది, అది నల్లగుడ్డును కాల్చేస్తుంది. కంటికి వాడేది సబ్బు లేని ద్రావణమే. రెండు సీసాలూ ఒకే అల్మరాలో పక్కపక్కన పెట్టడం మానుకోవాలి.

'రొయ్యలు పడవు, అయోడిన్ వద్దు' అనే మాట మన కోస్తాలో వినబడుతుంది. రొయ్యలు పడకపోవడానికి కారణం వాటిలోని ప్రొటీను. అయోడిన్‌తో దానికి సంబంధం లేదు. కాసేపు మండుతుంది, కన్ను ఒకరోజు ఎర్రగా ఉంటుంది. దాన్ని అలర్జీగా రాసి పెడితే రోగి తర్వాతి ఆపరేషన్లన్నిటిలో ఈ రక్షణ పోతుంది. నిజంగానే పడనివాళ్లకు ఆల్కహాల్ కలపని క్లోర్‌హెక్సిడిన్ పలచటి ద్రావణం ఉంది.

ఇక యాంటీబయాటిక్ చుక్కలు. షుగరు రోగికి రెటీనా వాపు తగ్గించే సూది నెలనెలా పడవచ్చు. ప్రతి సూదికీ ముందూ వెనకా మాక్సిఫ్లాక్సాసిన్ లాంటి చుక్కలు రోజుల తరబడి వేయడం ఒక అలవాటుగా నిలిచిపోయింది. దీనివల్ల చీము పట్టడం తగ్గినట్టు రుజువు లేదు. పైగా కంటి మీది స్టెఫిలోకాకస్ ఆ మందుకు లొంగనిదిగా మారుతుందని నెలనెలా నమూనాలు తీసి చూసిన వైద్యులు తేల్చారు. అయోడిన్‌కు అలా అలవాటు పడ్డ క్రిమి కనబడలేదు. శుక్లం ఆపరేషన్ చివర కంటి లోపలికే ఎక్కించే యాంటీబయాటిక్ సంగతి వేరు. దాని ప్రయోజనం 2007లో వెలువడిన యూరప్ అధ్యయనంలో రుజువైంది.

వీటికంటే మాకు ఎక్కువ భయం కలిగించేది షాపులో చీటీ లేకుండా దొరికే, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు. కన్ను ఎర్రబడిందంటే చాలు, చేతిలో పెట్టేస్తారు. ఎరుపు రెండు రోజుల్లో తగ్గుతుంది కాబట్టి మంచి మందనే పేరొస్తుంది. కృష్ణా, గుంటూరు పల్లెల్లో వరి ఊకో గడ్డి మొనో తగిలి నల్లగుడ్డుకు బూజు పుండు పట్టిన కంట్లో ఆ చుక్క పడితే పుండు లోతుకు పాకుతుంది. నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతింటుంది. మిర్చి యార్డులో ఘాటుకు మండే కంటిని తువ్వాలుతో రుద్దడం మరో పొరపాటు. స్పర్శ తగ్గిన షుగరు కంటికి గీత పడిందని కూడా తెలియదు. శుభ్రమైన నీళ్లతో ధారగా కడగాలి, రుద్దకూడదు. నందివర్ధనం పూల రసం, తేనె, చనుబాలు కంట్లో పిండటం ఎవరికీ మంచిది కాదు, షుగరు ఉన్నవాళ్లకు అసలే కాదు.

చుక్కలు వేసే తీరు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సీసా మొన రెప్పవెంట్రుకకు తగిలితే అక్కడి బ్యాక్టీరియా మందులోకి చేరుతుంది. షుగరుతో వేళ్లు మొద్దుబారినవాళ్లకు మొన తగిలిందో లేదో తెలియదు. వాళ్లకు ఇంట్లో మరొకరు వేయాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, కింది రెప్పను లాగి, మొన తగలకుండా ఒక్క చుక్క వేయాలి. రెండో చుక్క కంట్లో ఆగదు, చెంప మీదికి కారిపోతుంది. కన్ను మూసి ముక్కు పక్క మూలను ఒక నిమిషం నొక్కి ఉంచాలి. రెండో మందు ఉంటే అయిదు నిమిషాలు ఆగాలి. మూత తీసిన తేదీ సీసా మీద రాసి నెల దాటగానే పారేయాలి. ఒకరి సీసా ఇంకొకరు వాడరాదు.

ఆపరేషన్ తేదీ ఖాయం చేసే ముందు రెండు పరీక్షలు అడగండి. ముక్కు పక్కనున్న కన్నీటి తిత్తిని నొక్కినప్పుడు చీము కంట్లోకి వస్తే ముందు దానికి చికిత్స, తర్వాతే శుక్లం. రెప్ప అంచున పొట్టు, పొద్దున్నే పుసులు ఉంటే గోరువెచ్చని గుడ్డ కాపడం అయిదు పది నిమిషాలు పెట్టి, శుభ్రమైన తడి దూదితో రెప్ప అంచులు తుడుచుకుంటూ రెండు మూడు వారాలు ఆగడం మేలు. శుక్లం ఎక్కడికీ పోదు.

ఆపరేషన్ అయ్యాక, సూది పడ్డాక చూపు మసకబారినా, ఎరుపు పెరిగినా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజే వెళ్లాలి. నొప్పి లేదు కదా అని ఆగవద్దు. ఇందాక చెప్పిన 420 మందిలో సుమారు నాలుగోవంతు మందికి నొప్పే లేదు. మొద్దుబారిన కంటి నొప్పిని నమ్ముకోలేం. కంటి లోపలికి యాంటీబయాటిక్ ఎక్కించడంలో గంటలు కూడా లెక్కే.

మన రెండు నగరాల కంటి ఆస్పత్రులనూ, ఉచిత శిబిరాలు నడిపేవారినీ కోరేది ఒకటే. ఆపరేషన్ చీటీ మీద మత్తు, రక్తపోటు, షుగరు అంకెల పక్కనే మరో గడి పెట్టండి: అయోడిన్ వేసిన సమయం, కడిగిన సమయం.

— కొందరు కంటి వైద్యులు, ఆప్టోమెట్రిస్టులు
విజయవాడ