విమానంలో మామూలు టికెట్‌కీ నడుం వాల్చే చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో విమానాల్లో పడుకునే సీట్ల గురించి వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. తలుపులున్న గదులు, మెత్తటి దిండ్లు, పెద్ద టీవీలు అన్నీ ఉన్నాయి. వెనక వరుసల్లో రాత్రంతా కూర్చునే మాలాంటి వాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపులో 31 ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. పీఓహెచ్‌కి, అంటే కొన్నాళ్లకోసారి పూర్తిగా విప్పి బాగుచేయడానికి, వచ్చిన రైలు పెట్టెల్లో బెర్తులు విప్పడం, బాగుచేసి మళ్లీ బిగించడం నా పని. పోయినేడాది అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి నేనూ మా ఆవిడా చెన్నై నుంచి బయల్దేరాం. గల్ఫ్‌లో విమానం మారాక ఒకే బిగిన 15 గంటలు. ఆవిడకు కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. సంచిలో టేపు పెట్టుకునే అలవాటు నాకింకా పోలేదు. ముందు సీటు వీపు నుంచి మా సీటు వీపు దాకా కొలిస్తే 31 అంగుళాలు. ఆవిడ మోకాలికీ ముందు సీటుకీ మధ్య నా మూడు వేళ్లు పట్టాయి, అంతే. సగం దూరం పోయేసరికి పాదం వాచి చెప్పు ఎక్కలేదు. "ఏమండీ, రైల్లో సైడ్ అప్పర్ ఇచ్చినా ఎట్లో ఒకట్ల ఎక్కి పడుకుందును కదా" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

విమానంలో చోటు లేదంటారు. నిజమే. కానీ చోటు ఎట్లా పుట్టించాలో చెన్నై ఐసీఎఫ్ ఫ్యాక్టరీలో తయారైన పాత రకం స్లీపర్ పెట్టె ఎక్కినవాళ్లందరూ చూసే ఉంటారు. పగలు మనం వీపు ఆనించుకునే పలకే రాత్రి పైకెత్తి గొలుసులకు తగిలిస్తే మిడిల్ బెర్త్. ఒకే పలక, రెండు పనులు. అట్లా ఒక్కో కూపేకి 8 మంది చొప్పున 9 కూపేల్లో 72 మంది నడుం వాలుస్తారు, అదీ సామాన్యుడు కొనగలిగే టికెట్టుకి.

విమానాల వాళ్లకు ఈ తెలివి లేక కాదు. మనిషి భుజాల దగ్గర వెడల్పు, పాదాల దగ్గర సన్నం. పెళ్లింట్లో చుట్టాలు ఎక్కువైతే ఒకరి తల పక్కన ఇంకొకరి కాళ్లు వచ్చేట్టు చాపలు పరుస్తాం కదా, 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాసులో చేసింది సరిగ్గా అదే. ఒకరు ముందుకి, పక్కవాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటారు. ఒకరి భుజం పక్కన ఇంకొకరి పాదాలు వస్తాయి. అట్లా 777 విమానంలో అడ్డంగా 8 మందికి పూర్తిగా చదునైన పడకలు పట్టించారు. కిటికీ పక్కవాళ్లు లేవాలంటే పక్కవాళ్ల కాళ్లు దాటాల్సి రావడం ఒక్కటే ఇబ్బంది. తర్వాత వచ్చిన రకాల్లో సీట్లను ఏటవాలుగా, చేపముల్లులాగా పేర్చారు. ఇంకొన్నిట్లో మన పాదాలు ముందువాళ్ల పక్కనున్న బల్ల కింది గూట్లోకి పోతాయి. ఇవన్నీ బిజినెస్ క్లాసుకే.

మామూలు తరగతి గురించి ఆలోచించింది, నాకు తెలిసినంతలో, ఎయిర్ న్యూజిలాండ్ వాళ్లు. మూడు సీట్ల వరుసలో కాళ్ల కింది పలకలు పైకి లేపితే సోఫాలాగా అయ్యే ఏర్పాటు 2011లోనే తెచ్చారు. 2020లో మూడంతస్తుల బెర్తులు ప్రకటించారు. మొత్తం ఆరు, ఒక్కొక్కరికి 4 గంటల వంతు. వంతు ఎందుకంటే, టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు ఆ బెర్తుల్లో ఎవరూ ఉండకూడదు. కాబట్టి ప్రతి మనిషికీ సీటు విడిగా ఉండి తీరాలి. రైలుకీ విమానానికీ అసలు తేడా ఇక్కడే ఉంది. విమానం సీటును మనిషి బరువుకి 16 రెట్లు లాగే కుదుపుకి పరీక్షిస్తారు. అంటే 70 కిలోల మనిషి ఆ క్షణంలో 1,120 కిలోలుగా లాగుతాడు. సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో అందరూ బయటపడాలి. మా మిడిల్ బెర్త్ కొక్కెం తెచ్చి అక్కడ తగిలిస్తే సరిపోతుందని నేను అనడం లేదు. పెట్టెలు ఓవర్‌హాలింగ్‌కి వచ్చినప్పుడు చూసేవాణ్ణి, గొలుసు బాగానే ఉంటుంది, కీలు దగ్గర పిన్ను ఒక పక్కకే అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేది. ఆ పిన్ను మీద ఎంత బరువు పడుతుందో మా చేతులకు తెలుసు.

ఇరికించడం మాత్రం వద్దు. రైల్లో ఒకప్పుడు సైడ్ బెర్తుల మధ్య మూడోది పెట్టి చూశారు. కూర్చోవడానికీ పడుకోవడానికీ వీల్లేక జనం గోల పెడితే తీసేశారు.

ఎయిర్ ఇండియా 2023లో 470 విమానాలు ఆర్డర్ చేసింది. ఇండిగో 2024లో 30 ఏ350 పెద్ద విమానాలు కావాలంది. వాటి లోపలి అమరిక మాట్లాడుకునేటప్పుడే, పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల కోసం మామూలు తరగతిలో పడక అయ్యే వరుసలు నాలుగైనా పెట్టమని అడుగుతున్నాను. టికెట్ మీద కొంత ఎక్కువ తీసుకున్నా ఇస్తాం. నాలుగింతలు మాత్రం ఇవ్వలేం. 70 ఏళ్ల వయసులో కాళ్లు చాపుకోవడం విలాసం ఎట్లా అవుతుంది?

ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, ఇక్కడే ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. మెకానికల్ చదివే పిల్లలు దీన్ని ప్రాజెక్టుగా తీసుకుంటే బాగుంటుంది. ఎవరైనా అడిగితే అరిగిన పిన్నులు నాలుగు నా దగ్గరున్నాయి, చూపిస్తాను. కార్డుబోర్డుతో 31 అంగుళాల కొలతకి రెండు వరుసలు కట్టి, ముందు వాళ్ల అమ్మనో నాన్ననో అందులో రెండు గంటలు కూర్చోబెట్టి చూడమనండి.

మా అమ్మాయికి సంక్రాంతి తర్వాత కాన్పు. మా ఆవిడ వెళ్లాలి. టికెట్ మాటెత్తితే మోకాలు పట్టుకుని కూర్చుంటోంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ క్యారేజ్ ఫిట్టర్,
సెట్టిపల్లె, తిరుపతి