మీటరు లెక్కలో పడని హోరు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఈ లేఖ మొదలుపెట్టేసరికి రాత్రి రెండు దాటింది. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. వీధిలో అలికిడి లేదు. నా తలలో మాత్రం, దూరంగా ఎవరో లారీ నిలిపి ఇంజను ఆపకుండా వెళ్లిపోయినట్టు, ఒకటే హోరు.

ఎనిమిది నెలల క్రితం ఒక సంగీత కార్యక్రమానికి వెళ్లాను. నాలుగు గోడల మధ్య మూడు గంటల సేపు, నిలువెత్తు స్పీకర్లకు పది అడుగుల దూరంలో నిలబడ్డాను. పాట చెవికి చేరేలోపే దరువు గుండెల మీద తగిలేది. బయటికి వచ్చేసరికి చెవుల్లో దూది కుక్కినట్టుంది. తెల్లవారేసరికి ఆ దిమ్ము వదిలింది కానీ ఈ హోరు మిగిలిపోయింది.

మొదటి రెండు రాత్రులు అది బయటి శబ్దమేనని నమ్మాను. ఫ్రిజ్ ఆపి చూశాను. మెయిన్ స్విచ్ దించేశాను. చీకట్లో వీధిలోకి వెళ్లి, ఎవరి ఇంటి జనరేటరు మోగుతోందో అని గోడలకు చెవి ఆనించి వెతికాను. మూడో రాత్రి రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకున్నాను. బయటి శబ్దమైతే తగ్గాలి. అది పెరిగింది. మంచం అంచున కూర్చుని ఎంతసేపు వణికానో నాకే తెలియదు.

బయట ఏ శబ్దమూ లేకుండానే చెవిలో మోత వినిపించడాన్ని టిన్నిటస్ అంటారు. ఆ మాట అనగానే చాలామందికి తెలిసింది కీచుమనే సన్నని మోత. పెద్ద శబ్దాల తర్వాత ఎక్కువగా వచ్చేదీ అదే, ఎందుకంటే అలాంటి శబ్దం ముందుగా దెబ్బతీసేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాలను వినే భాగాన్ని. నాలాగా మంద్రస్థాయిలో వినేవాళ్లు తక్కువమంది. అందుకే మా బాధను అర్థమయ్యేలా చెప్పడం మరీ కష్టం. ఇంట్లోవాళ్లు కూడా మొదట కిటికీ వైపే చూశారు.

నేను కలిసిన మొదటి వైద్యులు వినికిడి పరీక్ష చేయించారు. ఆ పరీక్ష గ్రాఫులో 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా గీత సాఫీగా వచ్చింది. 'మీ చెవులు బాగున్నాయి, పట్టించుకోకండి' అని పంపేశారు. ఆ కాగితం చేతిలో పట్టుకుని బయటికి నడుస్తుంటే, నా మనసే నన్ను మోసం చేస్తోందేమో అనిపించింది. అప్పటికి నాకు తెలియని విషయం ఒకటుంది. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ అనే పరిశోధకులు ఎలుకలకు పెద్ద శబ్దం వినిపించి చూశారు. కొన్నాళ్లకు వాటి వినికిడి పరీక్షలు మామూలు స్థితికి వచ్చాయి. చెవి లోపల మాత్రం శబ్దాన్ని పసిగట్టే రోమకణాలకూ వినికిడి నరానికీ మధ్య ఉండే అతుకులు పెద్ద సంఖ్యలో శాశ్వతంగా పోయాయి. మనుషుల్లో ఇది ఎంతమేరకు జరుగుతుందో ఇంకా పరిశోధిస్తున్నారు. కానీ సాఫీగా ఉన్న గీత చెవి క్షేమంగా ఉందనడానికి పూర్తి రుజువు కాదని చెప్పడానికి ఇది చాలు. మన చెవిలోని రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ మొలవవు. చెవి నుంచి వచ్చే సమాచారం తగ్గితే మెదడు తన వైపు నుంచి శబ్దం పెంచుకుంటుందనీ, ఆ పెంపే ఇలా హోరుగా వినిపిస్తుందనీ శాస్త్రవేత్తలు ఎక్కువమంది అంగీకరించే వివరణ.

రెండో వైద్యురాలు వేరుగా చూశారు. హోరు నాడితో కలిసి కొట్టుకుంటోందా, ఒక్క చెవిలోనే ఉందా, తల తిరుగుతోందా అని ఓపికగా అడిగారు. మంద్రస్థాయి హోరు మెనియర్స్ అనే లోపలి చెవి వ్యాధిలోనూ, మధ్య చెవి జబ్బుల్లోనూ రావచ్చు కాబట్టి ముందు వాటిని తోసిపుచ్చాలని చెప్పారు. ఆమె అడిగిన ప్రశ్నలకు అరగంట పట్టింది. ఆ రోజు నేను చాలా వారాల తర్వాత నిద్రపోయాను, మందుతో కాదు, నా మాట ఒకరు విన్నందుకు.

దీనితో బతకడం ఎలా ఉంటుందో మీకు చెప్పాలి. కదులుతున్న బస్సులో నాకు హాయిగా ఉంటుంది, ఇంజను రొదలో నా హోరు కలిసిపోతుంది. బస్సు ఆగి ఇంజను కట్టేయగానే అది ఒంటరిగా బయటపడుతుంది. నిద్ర కోసం ఫోనులో వినే 'సుయ్'మనే శబ్దాలు నాకు పనికిరాలేదు. నా హోరును కప్పాలంటే దానిలాగే మంద్రంగా ఉండే శబ్దం, మందంగా పారే నీటి శబ్దమో, పెద్ద ఫ్యాను గాలి చప్పుడో కావాలి. ఈ చిన్న సంగతి నేను సొంతంగా కనుక్కోవడానికి నాలుగు నెలలు పట్టింది. చదువుతున్న పేజీ మధ్యలో వాక్యం జారిపోతుంది. నిశ్శబ్దం ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలని ప్రయత్నిస్తాను, గుర్తు రాదు.

ఇది నా ఒక్కరి బాధే అయితే ఈ లేఖ రాయాల్సిన పనే ఉండేది కాదు. 2022లో వెలువడిన ఒక విస్తృత విశ్లేషణ ప్రకారం ప్రపంచంలో 74 కోట్లమందికి పైగా పెద్దలు టిన్నిటస్‌ను ఎరుగుదురు, వారిలో 12 కోట్లమందికి పైగా దాన్ని తీవ్ర సమస్యగా చెప్పుకుంటారు.

ఇక మీరు చేయగలిగిన పని గురించి. పని ప్రదేశాల్లో 85 డెసిబెల్స్‌ను ఎనిమిది గంటలకు మించి భరించకూడదని చాలాచోట్ల అనుసరించే సూత్రం. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. నేను నిలబడింది మూడు గంటలు. ఆ హాల్లో శబ్దం ఎంతో ఎక్కడా రాసి లేదు, చెవిలో పెట్టుకునే బిరడాలు ఎవరూ ఇవ్వలేదు, కాసేపు చెవికి విశ్రాంతినిచ్చే గది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణంలో ఇవన్నీ ఉన్నాయి: సగటు 100 డెసిబెల్స్ మించకూడదు, శబ్దాన్ని నిరంతరం కొలవాలి, రక్షణ సాధనాలూ ప్రశాంతమైన చోటూ ఉండాలి.

దానికి నేను ఒకటి చేర్చమంటున్నాను. శబ్దాన్ని కొలిచే మీటర్లు సాధారణంగా వాడేది 'ఎ' అనే కొలత. అది మంద్రస్వరాలను చాలా తగ్గించి లెక్కిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 26 డెసిబెల్స్ తీసేస్తుంది. మంద్రస్వరం చెవికి తక్కువగా వినిపిస్తుందన్నది దానికి ఆధారం, నిజమే. అయితే ఆ కొలతను రూపొందించింది మెల్లని శబ్దాలపై చెవి తీరును బట్టి. శబ్దం పెద్దదయ్యేకొద్దీ మంద్రస్వరానికీ మిగతా స్వరాలకూ మధ్య ఆ తేడా తగ్గిపోతుంది. గుండెలు అదిరించే దరువును మెల్లని శబ్దపు త్రాసుతో తూచడం తగదు. 'సి' అనే కొలత మంద్రస్వరాలను దాదాపు ఉన్నవున్నట్టే చూపిస్తుంది. ఫ్రాన్స్ 2017లో తన ఉత్తర్వులో రెండింటికీ పరిమితి పెట్టింది: 15 నిమిషాల సగటున 'ఎ' కొలతలో 102, 'సి' కొలతలో 118 డెసిబెల్స్. చిన్నపిల్లల కోసం జరిపే కార్యక్రమాలకు ఇంకా తక్కువ. ఆ పరిమితుల కంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 100 మేలు. కానీ రెండో కొలత ఉండాలన్న ఆలోచన మాత్రం మనం తీసుకోవాలి. అదే మీటరులో ఒక మీట నొక్కితే కనిపించే అంకె అది. దాన్ని ప్రేక్షకులు నిలబడే చోట కొలిచి, అందరికీ కనిపించేలా తెర మీద పెట్టించండి.

ఆసుపత్రుల విషయంలో ఒక్కటే అడుగుతాను. పెద్ద శబ్దం తర్వాత చెవి దిమ్మెక్కినవారికి, వినికిడి పడిపోయినవారికి మొదటి కొద్ది రోజుల్లోనే వైద్యులు దొరికేలా చూడండి. గీత సాఫీగా వచ్చిందన్న కారణంతో ఎవరినీ తలుపు దగ్గరి నుంచే పంపకుండా ఆదేశం ఇవ్వండి. హోరును పూర్తిగా తీసేసే మందు లేదని నాకు తెలుసు. దానితో పడే బాధను తగ్గించడానికి ఆలోచనా ధోరణిని మార్చే చికిత్స మేలు చేస్తుందని మంచి ఆధారాలున్నాయి. అది నేర్పగల మనిషి ప్రతి పెద్ద ఆసుపత్రిలో ఒకరైనా ఉండాలి.

వచ్చే సభలోనో కచేరీలోనో మీరు ముందు వరుసలో కూర్చున్నప్పుడు ఒక అధికారి చేత మీటరు తెప్పించండి. ముందు 'ఎ' అంకె చూడండి, తర్వాత 'సి' అంకె చూడండి. ఆ రెండింటి మధ్య తేడాను ఒక కాగితం మీద రాసి మీ బల్ల మీద ఉంచుకోండి.

ఇట్లు,
మీ పౌరులలో ఒకరు