మానేశాను, ఎందుకని ఒక్కరూ అడగలేదు: కేంద్ర విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మాది కదిరి. బెంగళూరు వచ్చి ఆరేళ్లయింది, మారతహళ్లిలో ఒక పీజీ హాస్టల్లో ఉంటున్నాను. పని బెల్లందూరులో. నెలనెలా డబ్బు కట్టి మా కంపెనీ యాప్ వాడేవాళ్లు ఎవరైనా ఆపేస్తే, మూడు రోజుల్లో ఫోన్ చేసి ఎందుకు ఆపేశారో కనుక్కోవాలి. అదే నా ఉద్యోగం. వాళ్లు కట్టేది 299 రూపాయలే కావచ్చు, కారణం రాయకుండా కేసు మూసేస్తే మా టీమ్ లీడ్ ఊరుకోడు.

2025 జనవరి బ్యాచ్‌లో ఆన్‌లైన్ ఎంబీఏలో చేరాను. ఫీజు లక్షన్నర, ఈఎంఐ మీద. రెండు సెమిస్టర్లు రాసి మూడోదాంట్లో మానేశాను. ఎందుకు మానేశావమ్మా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఫోన్ అయితే ఒకటి వచ్చింది, ఈఎంఐ బౌన్స్ అయిందని.

చేరకముందు సంగతి వేరు. అడ్మిషన్ల అమ్మాయి రోజుకు రెండుసార్లు చేసేది. మా వైపు పిల్లే, నోరారా అక్కా అని పిలిచేది. 'పాఠాలు ఎప్పుడైనా చూసుకోవచ్చక్కా, పరీక్ష కూడా ఇంట్లోంచే' అంది. అబద్ధమేమీ చెప్పలేదు. నా టార్గెట్లు నాకున్నట్టే ఆమెవి ఆమెకు.

చిక్కంతా ఆ 'ఇంట్లోంచే' దగ్గర వచ్చింది. నా ఇల్లు కదిరిలో ఉంది. ఇక్కడున్నది త్రీ షేరింగ్ రూమ్‌లో ఒక మంచం. పరీక్షకు ముందు ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని రూమంతా కెమెరాకు తిప్పి చూపించాలి, ఇంకెవరూ ఉండకూడదు. రూమ్మేట్లిద్దరినీ బతిమాలి టెర్రస్ మీదికి పంపాను. జూలై తుంపర, పాపం వాటర్ ట్యాంక్ కింద నక్కి కూర్చున్నారు. గంట గడిచిందో లేదో ఊడ్చడానికి వచ్చే ఆమె తలుపు తోసుకుని లోపలికొచ్చింది. తల తిప్పకుండా చేత్తోనే వద్దు వద్దు అన్నాను. తెర మీద ఎర్రటి హెచ్చరిక: ఇంకో మనిషి కనిపిస్తున్నారు. కాసేపటికి కరెంటు పోయింది. పీజీ ఇన్వర్టర్ లైట్లకూ ఫ్యాన్లకే, వైఫై డబ్బాకు లేదు. హాట్‌స్పాట్ పెడదామంటే పరీక్షలో ఫోన్ ముట్టుకుంటే కాపీ కింద లెక్క. ఆ పేపర్ ఫలితం మూడు నెలలు హోల్డ్‌లో పెట్టారు. ఆ మూడు నెలలూ నేను దొంగనో దొరనో నాకే తెలియదు.

మా పిన్ని కొడుకు ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీ చదువుతున్నాడు. పాఠాలు ల్యాప్‌టాప్‌లో, పరీక్ష మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. మధ్యలో ఆగినా, దాటిన మెట్టును బట్టి సర్టిఫికెట్టో డిప్లొమానో చేతికొస్తుంది. బస్సెక్కి వెళ్లి రాయాలంటే బద్ధకం కాదా అని వాడిని ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు చేయడం లేదు.

నిబంధనలకేం కొదవ లేదు. ఆన్‌లైన్ కోర్సులో వీడియో, చదువుకునే పాఠం, చర్చ, తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు, ఈ నాలుగూ ఉండాలని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2020 నిబంధనలు చెబుతున్నాయి. మాకూ నాలుగూ ఉన్నాయి. కాస్ట్ అకౌంటింగ్‌లో సందేహం అడిగితే పంతొమ్మిది రోజులకు జవాబొచ్చింది: 'యూనిట్ 3 చూడండి.' యూనిట్ 3 చూసే కదండీ అడిగింది! తర్వాత ఇంకేమీ అడగలేదు. వీడియో డబుల్ స్పీడులో పెట్టి బట్టలు మడతపెట్టుకునేదాన్ని. ఎంత చూశామో చూపించే గీత దానంతటదే నూరు శాతానికి చేరేది.

ఇక విద్యార్థుల సంతృప్తిని ఎలా కొలుస్తారో చెబుతాను. హాల్ టికెట్ కావాలంటే ముందు ఫీడ్‌బ్యాక్ ఫారం నింపాలి. పన్నెండు ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు స్టార్లు. అన్నింటికీ ఐదే నొక్కాను, నిమిషం పట్టలేదు. మా వాట్సాప్ గ్రూపులో అడిగితే దాదాపు అందరిదీ ఇదే కథ. రేపు 'మా విద్యార్థులు ఎంతో తృప్తిగా ఉన్నారు' అని ప్రకటన వేస్తే అందులో నా స్టార్లూ ఉంటాయి. మానేసినవాళ్లకు హాల్ టికెట్ అక్కర్లేదు కాబట్టి ఆ ఫారం వాళ్ల దాకా రాదు.

మధ్యలో వదిలేయడం మన దగ్గరే ఉన్న వింత కాదు. ఎంఐటీ, హార్వర్డ్ ఆన్‌లైన్ కోర్సుల మీద 2019లో వచ్చిన పరిశోధన చూస్తే, 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది 3.13 శాతమే. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో 46 శాతం. అవి ఊరికే చేరగలిగే విడి కోర్సులు, డిగ్రీతో పోల్చకూడదు, ఒప్పుకుంటాను. కానీ లెక్క బయటికొచ్చింది కదా. నేను చేరిన చోట వెబ్‌సైట్‌లో జీతాలు పెరిగే గ్రాఫులు కనిపించాయి గానీ, ఎంతమంది చేరితే ఎంతమంది పట్టా అందుకున్నారో ఎంత వెతికినా దొరకలేదు.

ఆ లెక్క తీయడం కష్టమని మీరు అనలేరు. 2024 నుంచి ఆన్‌లైన్ డిగ్రీలో చేరాలంటే డీఈబీ ఐడీ, అంటే యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే విద్యార్థి నంబరు, తప్పనిసరి. అది అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాతో, అంటే పాసైన సబ్జెక్టులకు వచ్చే క్రెడిట్లు జమయ్యే ఖాతాతో, ముడిపడి ఉంటుంది. ఎవరు చేరారో డీఈబీ ఐడీల్లో ఉంటుంది, ఎన్ని క్రెడిట్లు వచ్చాయో ఆ ఖాతాల్లో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టించండి. ప్రతి కోర్సుకూ బ్యాచ్‌లవారీగా చేరింది ఎంతమంది, ఒక్కో సెమిస్టర్ రాసింది ఎంతమంది, పట్టా తీసుకుంది ఎంతమంది అన్నది అడ్మిషన్ పేజీలో ఫీజు పక్కనే, అదే సైజు అక్షరాల్లో వేయమనండి. ఒక సెమిస్టర్ పరీక్షకు రానివాళ్లను కారణం అడగండి. ఆ అడిగేది యూజీసీ అయితే బాగుంటుంది. యూనివర్సిటీకే అప్పజెబితే మళ్లీ ఐదు స్టార్లే వస్తాయి.

ఇంకొకటి. మా రెండేళ్ల కోర్సును నాలుగేళ్లలోపు ఎప్పుడైనా పూర్తి చేయొచ్చు. మంచి నిబంధనే, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు అది ఉండాల్సిందే. కాకపోతే దాని పుణ్యాన 2028 చివరిదాకా నేను మానేసినవాళ్ల లెక్కలోకి రాను. నిన్న రాత్రి పోర్టల్ తెరిచి చూశాను. నా పేరు పక్కన పచ్చ చుక్క ఇంకా వెలుగుతూనే ఉంది.

ఇట్లు,
ఒక 'యాక్టివ్ స్టూడెంట్',
మారతహళ్లి, బెంగళూరు