22న అందాల్సిన అప్‌డేట్ 24న ఎందుకు అందింది

చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గిన 2025 సెప్టెంబరు 22 ఉదయానికి అందాల్సిన మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, మీ మెడికల్ షాపులకు 24 సాయంత్రానికి గానీ అందలేదు. గిరాకీని నిలబెట్టి ఒక్కో మందుకూ చేత్తో రేటు మార్చుకున్న మీకు కారణం ఉన్నదున్నట్టు చెప్పాలి.

రేట్ల పట్టిక ముందే సిద్ధమైంది. పని ఆగింది బార్‌కోడ్ లేబుళ్ల మాడ్యూల్ దగ్గర. దాన్ని మేము బయటి సంస్థ నుంచి కొంటాము. ఇలా తెచ్చుకునే ప్రతి ప్యాకేజీనీ పరీక్షించి, దాని షా-256 హాష్‌ను, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే 64 అక్షరాల గుర్తును, జాబితాలో రాసిపెడతాము. ఒక్క బైటు మారినా ఆ గుర్తు మారిపోతుంది. హాష్ కలవకపోయినా, హాష్ రాయని ఉప ప్యాకేజీ ఒక్కటి తగిలినా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్యాకేజీలను తెచ్చి అమర్చే సాధనమైన పిప్ ఇన్‌స్టాలేషన్‌ను అక్కడే ఆపేసేలా పెట్టుకున్నాము. 21 రాత్రి అదే జరిగింది: వెర్షన్ నంబరు పాతదే, ఫైలు మాత్రం వేరు. స్ట్రిప్ మీద బ్యాచ్ నంబరు అదే ఉండి లోపలి మాత్ర మారితే మీరు అమ్ముతారా?

ఆ సంస్థవారిని అడిగితే, చిన్న సవరణే కదా అని అదే నంబరుతో పెట్టేశామనీ, ఇంతవరకు ఇంకెవరూ అడగలేదనీ చెప్పారు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు. పైథాన్ ప్యాకేజీల భాండాగారమైన పైపీఐలో ఒకసారి పెట్టిన ఫైలును అదే పేరుతో మార్చనివ్వరు. సొంత సర్వర్ నుంచి పంపే వీరికి ఆ కట్టుబాటు లేదు.

మేము పరీక్షించిన కాపీ మా దగ్గరే ఉంది గానీ, అది కొన్ని ప్రింటర్లలో ఆగిపోతుందని, సవరణ అందుకేనని వారే అన్నారు. అంతకు ముందరి వెర్షన్ కొత్త పట్టికను చదవలేదు. ఇక మిగిలినవి రెండే దారులు: చూడకుండా కొత్త హాష్ రాసేయడం, లేదా ఆగడం. మొదటిది నిమిషం పని. మా ఇంజినీర్లలో ఒకరు అదే చేద్దామన్నారు, మీ ఫోన్లు మోగుతున్నప్పుడు నాకూ చేయి ఆడబోయింది. కానీ అదే నెల 8న జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారమైన ఎన్‌పీఎంలో ఒక ప్యాకేజీ నిర్వాహకుడి ఖాతాను మోసంతో చేజిక్కించుకుని, చాక్, డీబగ్ వంటి ప్యాకేజీల కొత్త వెర్షన్లలో క్రిప్టో కాజేసే కోడ్ చొప్పించారు. పాత వెర్షన్లకే కట్టుబడి ఉన్నవారి దాకా అది రాలేదు. అది చదివిన రెండు వారాలకే కళ్లు మూసుకుని హాష్ మార్చడం నా వల్ల కాలేదు.

రెండు ఫైళ్లనూ విప్పి వరుస వరుసగా పోల్చాము. తేలింది ఏమిటంటే, లేబుల్ వెడల్పు లెక్కలో కొద్ది వరుసల మార్పు, అంతే. హానికరమైనదేమీ లేదు. ఇంతోటి దానికా రెండు రోజులు అని మీరు కోప్పడవచ్చు. అయినా మళ్లీ ఇలా జరిగితే మళ్లీ ఆపుతాను. హాష్ ఉంటే చాలునని కూడా నేననను. 2024లో ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 విడుదలల్లోనే దొంగదారి ఉంది. వాటి హాష్ రాసుకున్నవారికి ఆ హాష్ చక్కగా కలిసేది. అందుకే ముందు పరీక్ష, తర్వాతే హాష్.

ఇకపై బయటి ప్యాకేజీలన్నీ మా సర్వర్‌లో దాచిన కాపీల నుంచే వస్తాయి. నంబరు మార్చకుండా ఫైలు మార్చబోమని ఆ సంస్థ రాసిస్తేనే ఒప్పందం పొడిగిస్తాము. ఇంకా రాసివ్వలేదు.

22 నుంచి 24 దాకా చేత్తో రేటు మార్చిన బిల్లులు రిపోర్టుల్లో ఎర్ర గుర్తుతో కనిపిస్తాయి. రిటర్ను దాఖలు చేసే ముందు వాటిని ఒకసారి సరిచూసుకోండి; తేడా ఉంటే మా మనిషి మీ షాపుకే వచ్చి సరిచేస్తాడు, దానికి రుసుము లేదు.