ఈ ఏడాది మన మరలో కారం అమ్మడం లేదు

ముందుగా అసలు విషయం. ఈ సీజనుకు మన దగ్గర కారం అమ్మకం లేదు. మీరు తెచ్చుకున్న మిరపకాయలు, పసుపు కొమ్ములు, బియ్యం, సెనగలు ఎప్పటిలాగే మర పట్టి ఇస్తాం. ఆడింపు కూలి పెంచలేదు. ఏడాది కారానికి ముందే డబ్బు కట్టిన వాళ్లకు ఆ డబ్బు తిరిగి ఇస్తున్నాం. చీటీ పోయినా ఫరవాలేదు, చిట్టాలో మీ పేరు నాన్నగారి దస్తూరీలోనే ఉంది.

సరుకు బాగాలేదని ఒక్క మాట చెప్పి ఊరుకోవచ్చు. కానీ తాడేపల్లిగూడెంలో అప్పుడే రకరకాలుగా అనుకుంటున్నారట. పెద్దాయన పోయాక అమ్మాయి నడపలేకపోతోందని కొందరు, మర అమ్మేస్తున్నారని మరికొందరు. మర అమ్మకానికి లేదు. బేరానికి వచ్చిన వాళ్లకు మంచినీళ్లు ఇచ్చి పంపించాను.

నాన్నగారు మార్చిలో పోయారు. ఆయన సంగతి కొంచెం చెప్పకపోతే దూరాన ఉండి కారం తెప్పించుకునే వాళ్లకు ఈ మిరపకాయల గొడవ అర్థం కాదు. ఆయనది మిలిటరీ మాధవరం, రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరు. అక్కడ మగపిల్లవాణ్ణి సైన్యంలోకి వెళ్తావా అని అడగరు, ఎప్పుడు వెళ్తావని అడుగుతారు. బెంగళూరులో అలసూరు చెరువు పక్కనున్న మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజనీరింగు పనుల దళం) కేంద్రంలో చేరి, అక్కడే ఫిట్టరు పని నేర్చుకున్నారు. 1971 యుద్ధంలో పాకిస్తాన్‌లోని షకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర మందుపాతరలు తీసి ట్యాంకులకు దారి చేసిన వాళ్లలో ఆయన ఒకరు. డిసెంబరు 15 రాత్రి ఆ దారి పూర్తికాకముందే పూనా హార్స్ రెజిమెంటు ట్యాంకులు ముందుకు వెళ్లాయి. మర్నాడు 21 ఏళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ తన ట్యాంకులోనే ప్రాణం వదిలాడు, ఆ తర్వాత పరమవీర చక్ర ఇచ్చారు. ఏటా డిసెంబరు 16న నాన్నగారు ఆ కుర్రవాడి పేరు తలుచుకునేవారు. తమరేం చేశారని అడిగితే మాత్రం, ‘నేల తవ్వాం’ అని ఊరుకునేవారు.

సెలవుకు వచ్చినప్పుడు నన్ను అటెన్షన్‌లో నిలబెట్టి జడ వేసేవారు. పింఛను మీద ఇంటికి వచ్చాక ఈ మర పెట్టారు. మోటారుకు బెల్టు మార్చడం, జల్లెడ బిగించడం నాకు నేర్పింది ఆయనే. అందుకే ‘అమ్మాయికేం తెలుసు’ అన్న మాట వినబడితే నాకు ఒళ్లు మండుతుంది.

కాయ కొనడంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. మిరపకాయల బస్తాను టిక్కీ అంటాం, దాని పైమూతి ఎప్పుడూ విప్పేవారు కాదు. బస్తా బోర్లించి, అడుగు కుట్టు కోసి, లోపలికి చెయ్యి పెట్టి పిడికెడు తీసేవారు. ఎవరైనా నవ్వితే, ‘మందుపాతర కనబడేలా ఎవడూ పెట్టడు బాబూ’ అనేవారు.

మాకు గుంటూరు నుంచి కాయ పంపే వ్యాపారి పేరు చెప్పను. చిన్నప్పటి నుంచీ నేను ఆయన్ని బాబాయిగారూ అనే పిలుస్తాను. పెద్దకర్మకు వచ్చారు, నాన్నగారి ఫోటోకు దండ వేసి కళ్లు తుడుచుకున్నారు. ఈ ఏడాది సరుకు సంగతి తాను చూసుకుంటానని అమ్మకు మాట ఇచ్చారు. కారానికి తేజ రకం, రంగుకు బాడిగ రకం కలిపి ముప్పై టిక్కీలకు డబ్బు ముందే పంపాను. లారీ వచ్చింది. పైన చూస్తే నిగనిగలాడే కొత్త కాయ. అడుగు కోస్తే తాలు! తెల్లబారినవి, నల్ల మచ్చ పడినవి, తూకం కోసం నీళ్లు చల్లినట్టు చేతికి అంటుకునేవి, శీతల గిడ్డంగిలో మగ్గిన పాతకాయ. ఒకటి రెండు బస్తాలైతే పొరపాటు అనుకునేదాన్ని. ముప్పైలో ఇరవై రెండు అలాగే ఉన్నాయి.

ఫోను చేశాను. ఆయన అన్న మాట ఇది: ‘మీ నాన్నగారు ఉండగా ఇలాంటి పేచీలు ఎప్పుడూ లేవమ్మా.’ నిజమే బాబాయిగారూ, ఆయన ఉండగా మీరు ఇలాంటి కాయ కూడా ఎప్పుడూ పంపలేదు. ఆ మాట ఫోనులోనే అన్నాను. ఇక్కడ మళ్లీ రాస్తున్నందుకు నాకేమీ మొహమాటం లేదు.

ఏం చేయాలన్నది తేల్చుకోవడమే కష్టమైంది. మర మీద ఇద్దరు పనివాళ్ల కుటుంబాలు బతుకుతున్నాయి. కారం సీజను రాబడితోనే ఏడాదంతా కరెంటు బిల్లు కడతాం. ఈ కాయలోనే బాడిగ వాటా పెంచితే ఎరుపు అదే వస్తుంది, ఎవరికీ తెలియదని ఒకాయన సలహా ఇచ్చారు. దాని గురించి నేను ఆలోచించలేదు. మా మేనమామ చెప్పినదే నన్ను ఊగించింది. దాపరికం లేకుండా రెండో రకం అని బోర్డు రాసి, ధర తగ్గించి అమ్మమన్నారు. అందులో మోసం లేదు. తక్కువ ధరకు కావలసిన వాళ్లు కూడా ఉన్నారు. ఒక పూట ఆ బోర్డు రాయించే దాకా వెళ్లాను కూడా. కానీ తడి తగిలి నల్లబడిన కాయలో బూజు పుడుతుంది. ఆ బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ అనే విషం కంటికి కనబడదు, కూర ఉడికించినా పోదు. రెండో రకం అని రాస్తే రుచి తక్కువని అనుకుంటారు గాని, ఇదంతా బోర్డు మీద పట్టదు కదా! అదీ గాక ఆ కారం ఏడాది పొడుగునా మీ జాడీలో ఉంటుంది, పిల్లలు కూడా తింటారు.

బస్తాలన్నీ మా ఖర్చుతోనే వెనక్కి పంపాను, బాగున్న ఎనిమిదితో సహా. ఆ ఎనిమిదీ ఉంచుకుని ఉండవచ్చు, మొండితనమే అనుకోండి. వేరే చోట కొందామంటే గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు వచ్చేశాయి. బాబాయిగారు సగం డబ్బు ఇచ్చారు, మిగతాది కొత్త పంటలో సర్దుతారట. ఆ సర్దుబాటు నాకు వద్దు. రొక్కమే ఇవ్వాలి. కొత్త కాయ వచ్చాక వేరే కొట్టులో కొంటాను, ధర ఎక్కువైనా సరే.

మీరు కాయ తెచ్చేటప్పుడు తొడిమలు తీసి, విరిస్తే ఫెళ్లుమనేదాకా ఎండబెట్టి తెండి. మెత్తగా ఉంటే వెనక్కి పంపుతాను, నొచ్చుకోవద్దు.

నాన్నగారి యూనిఫారం ఫోటో ప్యాకెట్ల మీద వేస్తే బాగా అమ్ముడవుతుందని కూడా కొందరు చెప్పారు. ఖాళీ ప్యాకెట్టు చివరికి చెత్తబుట్టలోకి వెళ్తుంది. వేయను.

ఇక చాలామంది అడుగుతున్నది, నాన్నగారు మాజీ సైనికుల పనులు చూసిపెట్టిన ముందు గదిలో బల్ల గురించి. 1996 నవంబరు తుపానులో కోనసీమ తోటలు పడిపోయినప్పుడు, పింఛనుదారులను పోగుచేసి రంపాలతో దారులు తెరవడానికి ఆయన బయల్దేరింది ఆ బల్ల దగ్గరి నుంచే. సైనికుల భార్యలకు అలహాబాదు పింఛను కార్యాలయానికి అర్జీలు రాసిపెట్టిందీ అక్కడే. 2015లో ఒకే ర్యాంకు, ఒకే పింఛను ప్రకటించాక ఆ గదిలో పిండి బస్తాల కంటే మనుషులే ఎక్కువ. ఆ తర్వాత పింఛన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాయి, డిశ్చార్జి పుస్తకంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉన్న వాళ్ల పాట్లు మొదలయ్యాయి. ఆ బల్ల అక్కడే ఉంటుంది. ఆదివారం పొద్దున నాన్నగారి స్నేహితులు ఒక సుబేదారుగారు కూర్చుంటారు, కంప్యూటర్ పని నేను చూస్తాను. సైనికుల భార్యలకు పిండి ఉచితంగా పట్టడం కూడా మానలేదు. లైఫ్ సర్టిఫికెట్ కోసం నవంబరు చివరి దాకా ఆగకండి. ‘ఫోనుకు వచ్చే ఓటీపీ మీకు తప్ప ఎవరికీ చెప్పం’ అని కొందరు మా మీద నమ్మకంతో అంటుంటారు. మాకు కూడా చెప్పవద్దు, మీరే కొట్టండి. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు, ఆధార్, బ్యాంకు పాసు పుస్తకం అసలువే తీసుకురండి. చూసి అక్కడికక్కడే మీ చేతికి ఇచ్చేస్తాం.